ఎడంపక్క కోరపన్ను

(ప్రైవేటు పళ్ళాసుపత్రి. బయట కూర్చునే గది. లోపలి తలుపు వేసి ఉంది. ఎదురెదురు కుర్చీల్లో ఎప్పుడో విడిపోయిన మొగుడూ పెళ్ళాం.)

"మొత్తం కట్టేశావా?"

"మొత్తం. ఒక్కసారే. వాయిదాల్లో కట్టొచ్చు సార్ అంది కౌంటర్లో అమ్మాయి. నా కూతురికి వాయిదాలేంటమ్మా అన్నాను."

"నా కూతురన్నావా? అంత గట్టిగానే అన్నావా?"

"అంతకంటే గట్టిగా అన్నాను. రసీదులో తండ్రి పేరు దగ్గర నా పేరే రాయించాను. ఇదిగో, చూడు."

"నాకెందుకు, జాగ్రత్తగా జేబులో పెట్టుకో. ఆ డబ్బుకి కొత్త స్కూటరొస్తుంది, తెలుసా?"

"స్కూటరేంటి, కారు కావాలన్నా కొంటాను దానికి."

"అబ్బో! జేబులో చెయ్యి పెట్టడానికి పదిహేనేళ్ళు పట్టింది, ఇప్పుడేమో కార్లట."

"ఎత్తిపొడవడానికే పిలిచుంటే కానివ్వు, పడతాను. పడాల్సినవాణ్ణే. కానీ నన్ను నువ్వంటున్నావేంటి? ఏవండీ అనేదానివిగా."

"ఏవండీ అన్నన్నాళ్ళూ అన్నాను, ఏం ఒరిగింది? ఏవండీ, ఇది మీ బిడ్డేనండీ అని మీ వాకిట్లో నీ కాళ్ళ మీద పడ్డాను. మీ అమ్మ గుమ్మంలో నిలబడి వేళ్ళు మడుస్తోంది. పెళ్ళై ఎనిమిది నెలలు నిండలేదు, పిల్లెలా పుట్టింది, ఎలా పుట్టింది అని. వీధి వీధంతా వింది."

"పాత సంగతులు ఇప్పుడు..."

"నెలలు నిండకుండా పుట్టింది బాబూ, బతకడమే గొప్ప అని నర్సు నెత్తీనోరూ కొట్టుకుంది. కిలోన్నర లేదు పిల్ల. అద్దాల పెట్టెలో పెట్టారు. నువ్వొచ్చావు. చూశావు. ఏమన్నావు?"

"వద్దులే."

"ఏమన్నావు?"

"గుర్తులేదు."

"నాకుంది. ఈ ముక్కు మా ఇంట్లో ఎవరికీ లేదు అన్నావు. కిలోన్నర పిల్లకి ముక్కేంటయ్యా, చింతగింజంతుంది! దానికి పోలికలు వెతికావు. పచ్చి బాలింతని, మళ్ళీ ఆ ఇంట్లో కాలు పెట్టలేదు నేను."

"తప్పే. తప్పని మా బావతో కబురు పంపానా లేదా? ఆడదాని ఉసురు పోసుకున్నానని ఒప్పుకున్నానా లేదా?"

"ఒప్పుకున్నావు. ఎప్పుడొప్పుకున్నావు? నేను చెప్తే ఒప్పుకోలేదు. నర్సు చెప్తే ఒప్పుకోలేదు. పన్ను చెప్తే ఒప్పుకున్నావు."

"పన్ను అంటే మాటలా! నువ్వు చూడలేదు, నా పరిస్థితి నీకు తెలీదు. నలుగురాడపిల్లలు షాపుకొచ్చారు. స్కూల్లో నాటకమట, వెనకాల పరదాకి ఎర్రరంగు కావాలన్నారు. ఈ ఎరుపు కాదు, ఇంకో ఎరుపు. ఆ ఎరుపు కాదు, మధ్య ఎరుపు. విసుగొచ్చి డబ్బా మూత లాగాను, లాగితే సగం రంగు నా చొక్కా మీదే. ఆ పిల్ల నవ్వింది. అంతే. ఎడంపక్క కోరపన్ను, పన్ను మీద పన్ను. మా నాన్నకి అంతే. నాకంతే. మా పెద్దత్తకంతే. అందరికీ ఎడంపక్కే! నా గుండె ఆగినంత పనైంది."

"పూర్తిగా ఆగితే పోయేది."

"ఇంటిపేరేంటమ్మా అన్నాను. మీ పుట్టింటి పేరు చెప్పింది. అక్కడే డబ్బాల మధ్య కూలబడిపోయాను. ఆ పిల్ల మంచినీళ్ళు తెచ్చిచ్చింది, తెలుసా? ఏమైంది అంకుల్ అంది."

"చెప్పింది. రంగులాయనకి బీపీ ఉన్నట్టుందమ్మా అంది."

"నా పేరు చెప్పలేదా నువ్వు దానికి? ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా?"

"చెప్పాను, మొన్న. మీ నాన్న నీ పళ్ళకి డబ్బు కడతాడే అన్నాను. ఎవరు, చొక్కా మీద రంగు పోసుకున్నాయనా అంది."

"ఇంకేమంది?"

"కట్టనీ అంది."

"అంతేనా?"

"అంతే. మరి నీకు ఇద్దరు కొడుకులున్నారటగా. వాళ్ళకుందా ఆ పన్ను?"

"వాళ్ళకి రాలేదు. వాళ్ళవి వాళ్ళమ్మ పళ్ళు."

"వరసగా ఉంటాయా?"

"ముత్యాల్లా ఉంటాయి."

"ఇద్దరికీ?"

"ఇద్దరికీ. ఏం?"

"ఏం లేదు. మరి వాళ్ళెవరి పిల్లలో కనుక్కున్నావా అని."

"ఏయ్! నోరు అదుపులో..."

"అరవకు. ఆ మూలన పెద్దాయన ఉలిక్కిపడ్డాడు చూడు."

"అమ్మా, మీరు తిట్టుకోండి తల్లీ, నేనొద్దనను. కాస్త మెల్లగా తిట్టుకోండి. నాకు దవడపన్ను సలుపుతోంది, మాటమాటకీ లాగుతోంది."

"తప్పైంది బాబాయిగారూ. మెల్లగానే తిడతాను."

"నన్ను అన్నావు సరే, వాళ్ళ తల్లిననకు. ఆవిడేం చేసింది?"

"నేనేం చేశాను? పోనీలే, మంట పుట్టిందిగా? నాకది చాలు. పదిహేనేళ్ళ మంటలో ఇది అగ్గిపుల్ల. ఇంతకీ ఏదో అడగాలన్నావు, అడుగు."

"ఆదివారం మావాళ్ళంతా కలుస్తున్నారు. మా పెద్దనాన్న పిల్లలూ, అత్తలూ, అందరూ. పిల్లని ఒక్క పూట పంపించు. నేనే వచ్చి తీసుకెళ్ళి నేనే దిగబెడతాను. నువ్వూ వస్తానంటే..."

"వచ్చి ఏం చెయ్యాలది?"

"ఏం చేస్తుంది, వస్తుంది, కూర్చుంటుంది. నలుగురితో మాట్లాడుతుంది."

"నవ్వుతుంది."

"నవ్వితే మంచిదేగా!"

"అందరూ చూస్తారు. అబ్బాయ్, అచ్చు నీ పన్నేరా అంటారు. అవునత్తయ్యా, నేనే పొరబడ్డాను అంటావు. కళ్ళు తుడుచుకుంటావు. అందరూ నీ వీపు నిమురుతారు. నీ పాపం కడుక్కోడానికి నా కూతురు నోరు తెరవాలి, అంతేగా?"

"అలా ఎందుకంటావు? మా అమ్మ కూడా చూస్తానంటోంది. ముసల్ది మంచం దిగట్లేదు. చూపు కూడా ఆనట్లేదు."

"చూపు ఆనకపోతే ఎలా చూస్తుంది?"

"వేలు పెట్టి తడిమి చూసుకుంటానంది."

"నా కూతురి నోట్లో వేలు పెడుతుందా! సంతలో గేదెని కొనేవాడు చూసినట్టా? ఆ వేళ్ళతోనే కదూ నెలలు లెక్కపెట్టింది!"

"ముసల్దాని ఆఖరి కోరిక. పెద్ద మనసు చేసుకో."

"ఆదివారం కుదరదులే. నోరు వాచి ఉంటుంది."

"వాపెందుకు? లోపల క్లిప్పులేగా వేస్తోంది?"

"క్లిప్పులు తర్వాత. ముందు పన్ను పీకాలిగా."

"ఏ పన్ను?"

"భలేవాడివే. వరస తప్పి ఏదుంటే అది."

"వరస తప్పి అంటే... ఎడంపక్కదా?"

"హిహ్హిహ్హి!"

"ఏమే, ఎడంపక్కదా? నవ్వుతావేంటి? చెప్పు!"

"నువ్వే కట్టావుగా. ఒక్కసారే. మొత్తం."

"ఒసేయ్! అది తీసేస్తే ఇంకేముంటుందే?"

"ఏముంటుంది, పిల్లుంటుంది. పన్నుండదు."

"అమ్మా, కౌంటరమ్మా! ఆపమను. లోపల ఆపమని చెప్పు. ఆ పన్ను తియ్యొద్దను!"

"సార్, సార్! లోపలికి వెళ్ళకూడదు. మత్తింజక్షను ఇచ్చేసి అరగంటైంది."

"డబ్బు కట్టినవాణ్ణి నేనమ్మా! తండ్రిని! చూడు, రసీదులో ఉంది!"

"సంతకం అమ్మగారు పెట్టారు సార్. తండ్రిగారి సంతకం అక్కర్లేదన్నారు."

"నా డబ్బు వెనక్కివ్వండి అయితే. ఈ వైద్యం నాకొద్దు."

"వైద్యం మీక్కాదు కదా సార్. పేషెంటు కుర్చీ ఎక్కాక వెనక్కివ్వరు. అదిగో, గోడ మీద రాసుంది. కూర్చోండి సార్, కొంచెం నీళ్ళు తాగండి."

"కూర్చో. నీళ్ళు తాగు. బీపీ ఉందటగా."

"నువ్వు మనిషివేనా? ఇది కావాలనే చేశావు కదూ? మా బావ కబురు తెస్తే, ముందు పళ్ళ ఖర్చు కట్టమనండి, తర్వాత మాట్లాడదాం అన్నావు. నేనేమో నీ మనసు కరిగిందనుకుని ఎగిరి గంతేశాను."

"కరగడానికి నా దగ్గరేం మిగిల్చావు నువ్వు? విను. ఎలాగూ కట్టావు, విని పో. హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేసి పెంచాను దాన్ని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆవిరిలో ఉంటాను. ఇదిగో, ఈ చేతుల మీద వెంట్రుక మొలవదు. రెండిళ్ళు మారాను, ఆ పిల్ల తండ్రెవరో అన్న గుసగుస నాకంటే ముందు సామాను దింపుకునేది. అయినా పిల్ల మొహం చూస్తే అన్నీ మర్చిపోయేదాన్ని. నాదే అనుకునేదాన్ని, మొత్తం నాదే. పదకొండో ఏట ఆ పన్ను దిగింది. పిలవని పేరంటానికి నువ్వు మా ఇంట్లోకొచ్చి కూర్చున్నట్టయింది! పొద్దున్నే అది అద్దం ముందు పళ్ళు తోముకుంటుంటే అద్దంలో నువ్వు. అన్నం తింటుంటే నువ్వు. అది విరగబడి నవ్వితే నువ్వు. కన్నకూతురు నవ్వితే మొహం తిప్పుకున్నాను నేను, నాలుగేళ్ళు! ఆ పాపం ఎవరి ఖాతాలో రాయను?"

"నేనేం చేశానే, పన్ను నేను మొలిపించానా?"

"అందుకే, డబ్బు కూడబెట్టుకుని పీకించేద్దామనుకున్నాను. మళ్ళీ అనుకున్నాను, నా రెక్కల కష్టం నీ పన్ను మీద ఎందుకు పొయ్యాలి? నీ పన్ను నీ డబ్బుతోనే పీకించాలి, అదీ నువ్వు గుమ్మం బయట కూర్చునుండగా పీకించాలి. రోట్లో తల పెట్టావు, రోకటిపోటుకి వెరిస్తే ఎలా?"

"రుజువు పోతుందే! నీక్కూడా అది రుజువేగా! నువ్వు మంచిదానివని అందరికీ తెలిసేది!"

"నేను మంచిదాన్నని నా కూతురి పన్ను చెప్పాలా? థూ!"

"మావాళ్ళకేం చూపించను ఆదివారం?"

"రసీదు చూపించు. నీ పేరుందిగా."

"పాపిష్టిదానా!"

"ఇదే మాట అప్పుడూ అన్నావు. అప్పుడేడిచాను. ఇప్పుడెంత హాయిగా ఉందో."

"అమ్మా, తలుపు తెరుస్తున్నారమ్మా. నా దవడపన్ను కోసమైనా కాసేపు ఆపండి."

"డాక్టరమ్మా! అయిపోయిందా? పీకేశారా?"

"అయిపోయిందండీ. చక్కగా వచ్చింది, పిల్ల కిక్కురుమనలేదు. దూది గట్టిగా కరిచిపట్టుకో నాన్నా, మాట్లాడకు. అమ్మ ఎవరు, మీరేనా?"

"నేనేనండీ. పన్నేది? ఆ పన్నిలా ఇవ్వండి, ఈయనకివ్వాలి. ఇది ఈయన సొత్తు."

"ఈయన సొత్తా? సరే, ఇదిగో, పొట్లంలో ఉంది."

"ఇందా, పట్టుకో. మీ అమ్మకి పట్టుకెళ్ళి ఇవ్వు, తనివితీరా తడుముకోమను... ఇదేంటండీ? ఇదింత పొట్టిగా ఉందేంటి? కోరగా లేదే?"

"కోరపన్ను ఎందుకు తీస్తాం? నోట్లో అన్నిటికంటే గట్టి వేరు దానిదే. దాని వెనక పన్ను తీశాం. ఆ ఖాళీలోకి క్లిప్పుతో మెల్లగా దాన్ని దింపుతాం. ఏడాదిన్నరలో వరసలోకొచ్చేస్తుంది. మొదటిరోజే చెప్పానే ఇదంతా?"

"నేను రాలేదండీ మొదటిరోజు. సెలవివ్వలేదు, మా చెల్లెలు తీసుకొచ్చింది. పన్ను తియ్యాలట అంది. ఏ పన్నో వేరే అడగాలా అనుకున్నాను, కళ్ళెదురుగా కనపడుతుంటే!"

"ఉందా? అయితే ఉందా పన్ను? ఉంది! హహ్హ! చూశావా? దేవుడున్నాడు! ఏమే, ఏమైంది నీ పంతం? నా డబ్బుతో నా పన్నుని నిలబెట్టావు! వంకరగా ఉన్నదాన్ని రాజాలా ముందుకి తెచ్చి కూర్చోబెడుతున్నావు! అమ్మలూ, ఇటు చూడమ్మా. ఒక్కసారి నవ్వు తల్లీ."

"ఉమ్... దూది ఉంది."

"అవునవును, వద్దులే. మెల్లగా నవ్వుదువుగాని. నేనెవరో తెలుసుగా? అమ్మ చెప్పిందిగా?"

"చెప్పింది అంకుల్. డాక్టర్ గారూ, లోపల నేనడిగాను చూడండి, ఇంజక్షన్ ముందు. దానికి మీరు చెప్పింది వీళ్ళకి కూడా చెప్పరూ?"

"నువ్వు మాట్లాడకన్నానా? ఏది, వంశాన్ని బట్టి వస్తుందా అన్నావు, అదేనా?"

"ఆఁ."

"కొందరికి వస్తుందండీ. ఈ అమ్మాయికి మాత్రం అలా వచ్చింది కాదు. దవడలో జాగా బాగానే ఉంది. చిన్నప్పుడు ఎడంపక్క పాలపళ్ళు రెండు ముందే పీకించేశారట. వెనక పళ్ళు ముందుకి జరిగి దారి మూసేశాయి. కోరపన్ను ఆఖర్న వస్తుంది కదా, వచ్చేసరికి చోటు లేదు, పైకెక్కింది. ఎవరికైనా అంతే అవుతుంది. అప్పుడే పాలపళ్ళకి వైద్యం చేయించుంటే ఇవాళ ఇదేదీ అక్కర్లేకపోయేది. పెద్దాయనా, మీరు రండి లోపలికి."

"వస్తున్నానమ్మా. మంచి రసపట్టులో పిలిచారు."

"అంటే... ఆవిడ చెప్పిందేంటి? నాకర్థం కాలేదు. పాలపళ్ళేంటి?"

"రెండో క్లాసులో ఉంది అప్పుడు. దవడ పట్టుకుని ఒకటే ఏడుపు. ఇలాంటి ఆసుపత్రికే తీసుకెళ్ళాను. పీకొద్దు, శుభ్రం చేసి క్యాపు వేస్తామన్నారు. ఎంతవుతుందంటే చెప్పారు. ఇంకెవరినీ అడగలేక సిగ్గు చంపుకుని నీ షాపుకి ఫోన్ చేశాను. ఎవరి పిల్ల పళ్ళకో నేనెందుకు కట్టాలి అని పెట్టేశావు. దాన్ని చంకనేసుకుని ధర్మాసుపత్రికి నడిచాను. ఊరికే పీకి పంపించారు. రెండూ."

"నువ్వా ఫోన్... నాకు గుర్తు..."

"అమ్మా, నా పన్ను వీళ్ళ వంశం కాదు. ఆ రోజు ఈయనివ్వని డబ్బు. అంతే."

"ఓసి నా తల్లీ! నాలుగేళ్ళు అద్దంలో ఈయన్ని చూసి కుమిలిపోయానే. ఈయన కానే కాదటే అది! నవ్వవే, నవ్వు. దూది పడితే పడనీ, ఇంకోటి పెట్టిస్తాను."

"ఆగండాగండి. మీరిద్దరూ నవ్వుకోవడం కాదు. ఆ పన్ను మా పన్ను కాకపోతే... కాకపోతే మరి ఈ పిల్ల..."

"అదే అంకుల్. మళ్ళీ మొదటికొచ్చారు మీరు."

"అలా కాదమ్మా, అలా అనకు. ఏదీ, ఇటు తిరుగు. ముక్కు... ముక్కు మా మేనత్త పోలికే కదా? కాదా? చెవులు చూపించు. అబ్బా, ఏ చెవులైనా ఒకలాగే ఉంటాయి! ఆదివారం మావాళ్ళందరికీ చెప్పేశాను. మా అమ్మ కాచుక్కూర్చుంది."

"అమ్మా, పోదాం పద. చెంప మొద్దుబారిపోయింది."

"వెళ్ళకండి! ఒక్క నిమిషం. నువ్వు చెప్పు. నువ్వే చెప్పాలి, ఇంకెవరికి తెలుస్తుంది? ఆ రోజు మా వాకిట్లో చెప్పావుగా, అదే మాట ఇంకొక్కసారి చెప్పు. ఈసారి నమ్ముతాను. పన్నొద్దు, ముక్కొద్దు, ఏ రుజువూ వద్దు. నీ నోటి మాట చాలు. మా అమ్మ మీద ఒట్టు, నా పిల్లల మీద ఒట్టు, నమ్ముతాను. ఇది నా కూతురే కదూ?"

"ఏమో, నాకేం తెలుసు?"